చారిత్రక నవలలో మతము, ప్రణయము: పాశ్చాత్య సంప్రదాయము – వెలనాటి చరిత్ర

చారిత్రక నవల మనకు పాశ్చాత్య వాఙ్మయ సంపర్కమువలన సంక్రమించిన ప్రక్రియ. ఈ విషయమున విమర్శకులకు భిన్నాభిప్రాయము లేదు. అయితే ఆ ప్రక్రియ వచ్చునపుడు ఒంటిగా రాలేదు. దానితోపాటు కొన్ని కథాసంవిధాన పద్ధతులును వచ్చినవి. అందు ముఖ్యమైనది మతమును ప్రణయమును ఒకదానితో నొకటి పెనవేసి కథ నడుపుట. రెండు మతములు ఎదురుపడిన కాలమును గ్రహించుట, ఆ రెండు మతములకు చెందిన యువతీయువకులను కలుపుట, వారి హృదయములలోని సంఘర్షణము ద్వారా యుగసంఘర్షణమును పాఠకునకు చూపుట: ఇది పందొమ్మిదవ శతాబ్దపు పాశ్చాత్య చారిత్రక నవలలో తరచుగా కనబడు మార్గము. ఈ మార్గము తెలుగు నేలపై నెట్లు మారినది, మారుటవలన మనకు గలిగిన లాభమేమి, నష్టమేమి యని విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము. ఈ విచారణకు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమును, అనగా పూర్వపు వెలనాటిని, ముఖ్యాధారముగా గ్రహించుచున్నాము. ఏలయన, ఈ ప్రశ్నకు వలసిన చరిత్రసామగ్రియు, దానిని నవలగా మలచిన రచయితయు నీ ప్రాంతముననే లభించుచున్నారు.

ముందుగా పాశ్చాత్యుల మార్గమును కొంత వివరింపవలెను. అది ఒక్క తీరున లేదు. స్థూలముగా మూడు తీరులు గోచరించుచున్నవి.

మొదటిది స్కాటు తీరు. వాల్టర్ స్కాట్ రచించిన ‘ఐవాన్‌హో’ 1819వ సంవత్సరాంతమున వెలువడినది. గాయపడిన వీరుడైన ఐవాన్‌హోకు యూదు కన్య రెబెక్కా చికిత్స చేయును, అతనిని ప్రేమించును. అయినను ఆ ప్రేమ ఫలింపదు. అతడు సాక్సన్ వంశజయైన రోవెనాను వివాహమాడును. రెబెక్కా తన నగల పెట్టెను రోవెనాకు కానుకగా నిచ్చి తండ్రితో దేశాంతరము వెడలిపోవును. ఇచట మతము ప్రణయమునకు అడ్డుగోడ. ఆ గోడను రచయిత కూల్చలేదు. రెబెక్కాకే వివాహము జరుగవలసియుండెనని పాఠకులు పలువురు ఆక్షేపింపగా, స్కాటు 1830లో వ్రాసిన పీఠికలో సమాధానము చెప్పెను: ఆనాటి మతద్వేషములలో అట్టి వివాహము అసంభవప్రాయము, అంతియే గాక, ఉన్నతమైన శీలమునకు ఐహికసుఖమును బహుమానముగా నిచ్చుట ఆ శీలమును తక్కువ చేయుటయే. ఈ సమాధానము చారిత్రక నవలాకారు లందరును మననము చేయదగినది. చరిత్ర ఇయ్యని సుఖమును కథకు డియ్యరాదనియు, అట్లు ఇయ్యకపోవుటయే ఆ పాత్రకు చేయు గౌరవమనియు దాని తాత్పర్యము.

రెండవది మతపరివర్తనము తీరు. 1834లో బల్వర్ లిట్టన్ రచించిన పాంపేయి పతనకథయందు గ్రీకు యువకుడు గ్లాకస్, అతని ప్రియురాలు ఐయోనీ అగ్నిపర్వతప్రళయమునుండి బయటపడి, తుదకు క్రైస్తవులగుదురు. 1880లో వెలువడిన లూ వాలెస్ ‘బెన్‌హర్’ నందు ప్రతీకారమునకై బ్రదికిన యూదు వీరుడు క్రీస్తు సన్నిధిని శాంతి పొందును. పోలండు రచయిత హెన్రిక్ సీన్‌కీవిచ్ 1895–96లో ప్రకటించిన ‘క్వో వాడిస్’ నందు రోమను సేనాని వినిసియస్ లిజియా యను క్రైస్తవకన్యను ముందు కామించును, పిమ్మట ప్రేమించును, తుదకు ఆమె దేవునే తన దేవునిగా స్వీకరించును. ఇచట ప్రణయము మతమునకు ద్వారము. ప్రియురాలి చేయి పట్టుకొని నాయకుడు నూతనవిశ్వాసమున ప్రవేశించును. ఏ మతము తుదకు జయించినదో పాఠకుడు ముందే యెరుగును. కావున కథలోని ఉత్కంఠ నాయకుడు ఎప్పుడు ఆ పక్షమునకు వచ్చునన్నదానిపై నిలుచును.

మూడవది మాంజోనీ తీరు. ఇటలీ దేశపు ఈ మహారచయిత నవల 1827లో మొదట వెలువడి, పిమ్మట సంస్కృతరూపమున 1840–42లో ప్రకటితమైనది. ఇందు నాయికానాయకులు ఇరువురును ఒకే మతమునకు చెందిన పల్లెవాసులు. ఆపదలో చిక్కిన లూచియా, తాను విడుదలయైనచో పెండ్లి మానుకొందునని కన్యమరియమ్మకు మ్రొక్కుకొనును. విడుదలయైన పిమ్మట ఆ మ్రొక్కే ఆమె ప్రణయమునకు సంకెల యగును. ఆ సంకెలను విప్పువాడును మతాచార్యుడే. ఇచట సంఘర్షణము రెండు మతముల నడుమ లేదు. ఒక్క హృదయమున విశ్వాసమునకును అనురాగమునకును నడుమ గలదు. ఈ మూడవ తీరును చదువరులు జ్ఞప్తియం దుంచుకొందురు గాక. మన సంప్రదాయముతో దానికి గల చుట్టరికము ముందు తేలును.

ఈ నవలలు కేవలము పురాతనకాలమును గురించి వ్రాసినవని తలచరాదు. చార్లెస్ కింగ్స్‌లీ 1853లో ప్రకటించిన ‘హైపేషియా’కు ‘పాతముఖముతో వచ్చిన క్రొత్త శత్రువులు’ అను నర్థమిచ్చు ఉపనామము పెట్టెను. క్రీ.శ. 415లో అలెగ్జాండ్రియా నగరమున మతోన్మాదుల మూకచే హతురాలైన విదుషి కథ యది. కాని రచయిత బాణము తన కాలమున ఇంగ్లండులో రోమను మతము వైపు మొగ్గుచున్న క్రైస్తవులపై గురిపెట్టబడినది. కార్డినల్ వైజ్‌మన్ 1854లో ‘ఫాబియోలా’ను, న్యూమన్ మరుసటి సంవత్సరమున ‘కాలిస్టా’ను రచించి కథారూపముననే ప్రత్యుత్తరమిచ్చిరి. ఆదిమ క్రైస్తవుల కథలతో పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషువారు తమలో తాము వాదులాడుకొనిరన్నమాట. సీన్‌కీవిచ్ విషయమును ఇట్టిదే. పోలండు అప్పటికి మూడు సామ్రాజ్యముల నడుమ పంచుకొనబడి యుండెను. హింసింపబడు క్రైస్తవులలో పోలిష్ పాఠకులు తమ్ము తాము చూచుకొనిరి. కావున చారిత్రక నవలలోని మతకథ సర్వదా రెండు కాలములకు చెందినది: కథ జరిగిన కాలము, కథ వ్రాసిన కాలము.

ఇక ఈ నవలలలో కొన్ని నేటికిని నిలుచుటకును, కొన్ని మరుగున బడుటకును కారణమేమి? పక్షపాతము లేకుండుటయే కారణమని చెప్పుటకు వీలులేదు; పక్షపాతము అందరికిని గలదు. మా యభిప్రాయమున, ఓడిన పక్షమునకు పాఠకుడు ప్రేమింపగల యొక్క మనిషినైన ఇచ్చితిరా లేదా యనునది ఇచట గీటురాయి. స్కాటు నవలలో మనము మరువలేనిది పరిణయమైన రోవెనాను కాదు, వెడలిపోయిన రెబెక్కాను. సీన్‌కీవిచ్ నవలలో వినిసియస్ కంటె పెట్రోనియస్ మన మనస్సున నిలుచును. సౌందర్యమే దైవముగా బ్రదికి, తన్ను ప్రేమించిన యూనిస్‌తో కలిసి, నరములు కోయించుకొని ప్రశాంతముగా మరణించు ఆ రోమనునికి విశ్వాసియైన రచయిత ఎట్టి లోపమును చేయలేదు. కింగ్స్‌లీ సైతము, తన వాదపటిమ యెంతయున్నను, హైపేషియా మరణమును వర్ణించునప్పుడు వాదమును మరచెను. జయించినవారికి చరిత్ర గలదు. ఓడినవారికి కథకుడే దిక్కు. ఈ ధర్మము నెరిగిన నవలయే కాలమునకు నిలిచినది.

ఈ ప్రక్రియ తెలుగునకు వచ్చిన త్రోవయందు బంగాళము ఒక మజిలీ. బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ 1865లో వెలువడినది. అందు నవాబు కుమార్తె ఆయేషా, గాయపడిన రాజపుత్రుడు జగత్‌సింహునకు సేవచేయుట, ప్రేమించుట, తుదకు తన నగలను తిలోత్తమ కిచ్చి తొలగిపోవుట చదివినవారికి రెబెక్కా స్ఫురింపక మానదు. తా నప్పటికి ‘ఐవాన్‌హో’ చదువలేదని బంకించంద్రుడు చెప్పినట్లు ప్రసిద్ధి. ఎట్లైనను, ఇతరమతస్థురాలైన త్యాగమయి యను పాత్ర ఆ నవలతో భారతీయ నవలలోనికి ప్రవేశించినది; అనువాదముల మూలమున తెలుగు పాఠకులకును పరిచితమైనది.

తెలుగున చారిత్రక నవలకు వలసిన వాతావరణము ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఏర్పడినది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపితమైనది. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ ప్రథమభాగము 1910లో వెలువడినది. 1913లో ప్రథమాంధ్రమహాసభ బాపట్లలో జరిగినది. ఆంధ్రులకు తమ పూర్వవృత్తాంతము తెలియవలె నను తహతహ ఈ మూడింటను సమానము. కావున మన చారిత్రక నవల పుట్టుకతోనే జాత్యభిమానమును ప్రాణముగా గలిగి యుండెను. మతసంఘర్షణము దాని కంతగా రుచింపలేదు. జాతిని ఏకము చేయదలచినవారు జాతిలోని పూర్వపు చీలికలను వర్ణించుటకు జంకుట సహజము. మన నవలకు ప్రారంభమున గల యీ పరిమితిని దోషముగా గాక, కాలస్వభావముగా గ్రహింపవలెను.

అయితే కాలస్వభావమున కంటె లోతైన కారణ మొకటి గలదు. మతమునకును ప్రణయమునకును గల సంబంధమును మన కావ్యసంప్రదాయము వేరొక తీరున భావించినది. పాశ్చాత్యులు రెండు విశ్వాసములను ఇద్దరు వ్యక్తులుగా నిలిపి వారి నడుమ ప్రేమను పుట్టించిరి. మనవారు భోగమును భక్తిని ఒక్క వ్యక్తియందే నిలిపిరి. విప్రనారాయణుడు దేవదేవి వలలో బడి రంగనాథుని సేవ మరచుట, తిరిగి ఆ రంగనాథుని దయచేతనే తరించుట సారంగు తమ్మయ ‘వైజయంతీవిలాసము’నకు ఇతివృత్తము. తెనాలి రామకృష్ణుని ‘పాండురంగమాహాత్మ్యము’నందలి నిగమశర్మ వేదవేత్తల యింట పుట్టి కామమునకు లోనై సర్వము గోల్పోయి, తుదకు క్షేత్రమహిమచే ముక్తి నొందును. ధూర్జటి కవిని గురించి జనులు చెప్పుకొను కథయు నట్టిదే: శివునకు తప్ప వేరొకనికి తల వంపని వాని కవితామాధుర్యము వారకాంతల సాంగత్యమున పండినదని తెనాలి రామకృష్ణుడు చమత్కరించెనని ప్రతీతి. ఈ కథలలో ఇతరమతస్థురాలు లేదు. ఎదుటివాని మతము ప్రశ్న కాదు. తన యింద్రియములే ప్రశ్న. మాంజోనీ నవలను జ్ఞప్తియం దుంచుకొమ్మని కోరుట ఇందులకే. పాశ్చాత్యులలో అరుదైన యీ ఏకహృదయసంఘర్షణము మనకు ప్రధానమార్గము.

ఈ భేదమును గుర్తింపనిచో మన చారిత్రక నవలలకు న్యాయము చేయజాలము. అడివి బాపిరాజుగారి ‘హిమబిందు’ను పరిశీలింతము. శాతవాహనుల కాలమున ధాన్యకటకము ప్రధానరంగముగా నడచు ఈ నవలలో బాహ్యకథ పాశ్చాత్య చారిత్రక నవలను పోలియున్నది. బండిపందెమున శిల్పియైన సువర్ణశ్రీ గెలుపొందుట చదివినవారికి ‘బెన్‌హర్’లోని రథపు పందెము గుర్తునకు వచ్చును. వర్తకచక్రవర్తి కుమార్తె హిమబిందు శిల్పిని వలచుట, తండ్రి ఆమెను సామ్రాజ్ఞిగా చూడగోరుట యనునవి ఏ దేశపు ప్రణయకథకైనను చెల్లును. కాని ఈ నవలయొక్క ప్రాణము విషబాల కథలో గలదు. బౌద్ధమును ద్వేషించు స్థౌలతిష్యుడు తన మనుమరాలినే విషకన్యగా పెంచి యువరాజుపై ప్రయోగింప బూనును. ఆమె ఎవనిని చంపవలెనో వానినే ప్రేమించును. తన స్పర్శయే అతనికి మృత్యువని యెరిగి తపించును. అమృతపాదార్హతుని కరుణచే ఆ విషము తొలగును.

ఇచట బాపిరాజుగారు చేసిన పని సామాన్యము కాదు. మతద్వేషమును రెండు సేనల పోరుగా గాని, రెండు పండితవర్గముల వాదముగా గాని చూపక, ఒక బాలిక శరీరమున విషముగా చూపిరి. పెద్దల ద్వేషము పిల్లల రక్తమున ప్రవహించుననియు, ఆ పిల్ల ప్రేమింప మొదలిడిననాడు ఆ ద్వేషము ఆమెకే దుర్భరమగుననియు ఈ కల్పన తెలుపుచున్నది. రెండు మతములను ఎదుర్కొలుపు పాశ్చాత్యమార్గమును, ఒక్క హృదయమున సంఘర్షణమును నిలుపు మన ప్రబంధమార్గమును ఇచట కలిసిపోయినవి. మతపరివర్తనమునకు మారుగా చికిత్స వచ్చినది. ప్రియుని మతమును స్వీకరించుటచేత గాక, తనలోని విషమును వదలుటచేత ఆ బాలిక ధన్యురాలైనది. అయితే ఒక లోపమును చెప్పక తప్పదు. ద్వేషము సర్వము స్థౌలతిష్యుని యందే కుప్పవోయబడుటచేత, వైదికపక్షమున బౌద్ధమును కాదనుటకు గల గంభీరకారణములకు నవలలో తగిన యునికి లేకపోయినది. అతనిలో వైరమును చూచినంతగా అతని విశ్వాసమును మనము చూడజాలము.

చరిత్రము ఈ విషయమున మన నవలాకారులకు పాశ్చాత్యులకు లేని యొక సౌకర్యమును గల్పించినది. నాగార్జునకొండ శాసనములు క్రీ.శ. మూడవ శతాబ్దపు ఇక్ష్వాకురాజుల గృహస్థితిని వెల్లడించుచున్నవి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధాది వైదికక్రతువులు చేసినవాడు. అతని సోదరి చాంతిశ్రీ బౌద్ధభక్తురాలు. వీరపురుషదత్తుని ఆరవ రాజ్యసంవత్సరమున మహాచైత్యమునకు ప్రధానదాత్రి. ఒకే యింట అన్నకు యజ్ఞశాల, చెల్లెలికి చైత్యము. లిట్టన్ గాని, సీన్‌కీవిచ్ గాని ఇట్టి గృహమును ఊహించియుండరు. వారి కథలలో ఇట్టి యిల్లు ఒక పక్షమునకు మారువరకు నిలువదు. మనకు అది శిలాక్షరముల కెక్కిన సత్యము. బాపిరాజుగారు ‘అడివి శాంతిశ్రీ’ నవలకు ఇక్ష్వాకుయుగమును ఎన్నుకొనుట ఈ దృష్టితో చూచిన ఎంతయు ఉచితముగా నున్నది.

విశ్వనాథ సత్యనారాయణగారి ‘ఏకవీర’ మరియొక త్రోవ ద్రొక్కినది. మధుర నాయకరాజుల కాలమున నడచు ఈ కథలో నాయకులిద్దరును మిత్రులు. ఒకని ప్రియురాలు మరియొకని భార్యయైనది. ఈ చిక్కును విప్పుటకు రచయిత మతాంతరము నాశ్రయింపలేదు; దైవానుగ్రహము నాశ్రయింపలేదు. వివాహధర్మము నిలిచినది, మనుష్యులు కూలిరి. కథ మరణముతోను సన్న్యాసముతోను ముగియును. స్కాటు మతమును అడ్డుగోడగా నిలిపినట్లు విశ్వనాథవారు ధర్మమును నిలిపిరి. ఆ గోడను కూల్చకపోవుటలో ఇరువురును సమానులే.

ఇక రేపల్లెకు వత్తము. 1900లో జన్మించిన నోరి నరసింహశాస్త్రిగారు రేపల్లెలో న్యాయవాదిగా నుండి చారిత్రక నవలలను రచించిరి. తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారు సభాపతులుగా వెలసిన సాహితీసమితిలో వీరు సభ్యులు. ‘నారాయణభట్టు’ రాజరాజనరేంద్రుని కాలపు కథ. ‘రుద్రమదేవి’ కాకతీయుల కాలపు కథ. ‘మల్లారెడ్డి’ రెడ్డిరాజుల కాలపు కథ. మూడును వరుసగా నన్నయ, తిక్కన, ఎఱ్ఱనల యుగములు. పిమ్మట శ్రీనాథుని గూర్చి ‘కవిసార్వభౌముడు’, తదనంతరము ‘ధూర్జటి’. ఈ వరుసను చూచినంతనే రచయిత సంకల్పము స్పష్టమగుచున్నది. రాజ్యచరిత్రను ఆధారముగా గొని వ్రాయువారు యుద్ధమును కేంద్రముగా గ్రహింతురు. ప్రణయమును ఆధారముగా గొనువారు యువతీయువకులను గ్రహింతురు. నోరివారు కవిని గ్రహించిరి. ఆంధ్రదేశమున మతచరిత్ర నిజముగా నడచినది కవుల కావ్యములలో నని వారి విశ్వాసము. వేదమార్గప్రతిష్ఠకు భారతాంధ్రీకరణము సాధనమైనదని నమ్మువారికి ఇది తర్కసమ్మతమైన ఎన్నికయే.

ఈ ఎన్నికవలన గలిగిన లాభము గొప్పది. కవి భోగమునకును భక్తికిని నడుమ నిలుచువాడు. శ్రీనాథుని విలాసము, ధూర్జటి వైరాగ్యము ఒక్కొక్క హృదయమున మతప్రణయముల కూడలి. మన ప్రబంధములలోని ఏకహృదయసంఘర్షణమునకు చారిత్రక నవలలో ఇంతకంటె తగిన ఆధారము దొరకదు. హరిహరులకు భేదము లేదని భారతమును హరిహరనాథున కంకితమొనర్చిన తిక్కన వంటి కవి మతవైరమునకు సమాధానముగా నిలుచుటయు సహజము.

కాని నష్టమును గలదు. కవిని కేంద్రముగా గొన్నప్పుడు ఎదుటి మతము వాదరూపమున మాత్రమే ప్రవేశించును. తిక్కన గణపతిదేవుని కొలువునకు పోయి బౌద్ధజైనులను వాదమున జయించెనని కాసె సర్వప్ప ‘సిద్ధేశ్వరచరిత్రము’ చెప్పుచున్నది. వాదమున ఓడినవాడు సభనుండి లేచిపోవును; కథనుండియు లేచిపోవును. వాని యిల్లు, వాని కుమార్తె, ఆ రాత్రి వాడు నిదురించెనో లేదో మన సంప్రదాయము అడుగదు. స్కాటు రెబెక్కాను వాదమున ప్రవేశపెట్టలేదు. రోగి ప్రక్కను కూర్చుండబెట్టెను. కావుననే ఆమె మతము మనకు తెలియకున్నను ఆమె మనకు తెలియును.

ఈ నష్టము ఎంతటిదో వెలనాటి నేలయే చెప్పగలదు. తెనాలి–రేపల్లె రైలుమార్గమున భట్టిప్రోలు గలదు. 1892లో అలెగ్జాండర్ రీ అచటి స్తూపమును త్రవ్వింపగా ధాతుకరండములు బయటపడినవి. వానిపైని బ్రాహ్మీలిపిని బ్యూలర్ పరిష్కరించి ప్రకటించెను. కుబిరకుడను రాజు పేరు అందు గలదు. క్రీస్తునకు పూర్వమే ఈ డెల్టాలో బుద్ధధాతువునకు శ్రేణులు గట్టి దానములు చేసిన జనులు నివసించిరని ఆ యక్షరములు చెప్పుచున్నవి. కాని రీ వచ్చునప్పటికే ఆ స్తూపపు ఇటుకలు రోడ్డునకును, పలకలు కాలువ తూమునకును తరలిపోయినవి. ఒక మతము ఓడుటకును, దాని యిటుకలు రోడ్డులో కలియుటకును నడుమ ఎన్నియో తరముల మనుష్యులు గడచిరి. వారి కథ ఏ కావ్యమునను లేదు.

భట్టిప్రోలునకు దవ్వుగాని చందవోలు వెలనాటి చోడుల రాజధాని. ధనదపుర మని దానికి పూర్వనామము. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్యచరిత్ర’యందు వాదప్రకరణము గలదు. మల్లికార్జున పండితారాధ్యుడు వెలనాటి చోడుని కొలువున బౌద్ధాచార్యునితో వాదించి జయించుట, ఆరాధ్యుని శిష్యులు ఆ బౌద్ధుని వధించుట, అందులకు రాజు పండితుని కన్నులు తీయించుట, భక్తిమహిమచే పండితుడు తిరిగి చూపు పొందుట, రాజు శాపగ్రస్తుడగుట అందలి కథ. పండ్రెండవ శతాబ్దమున ఈ నేలపై మతము ప్రాణములను కన్నులను పుచ్చుకొనెనని ఆ కవి దాపరికము లేక చెప్పెను. ఈ కథలో పండితుని కన్నులకై మనము దుఃఖింతుము. చంపబడిన బౌద్ధునకై దుఃఖించు వ్యక్తి కథలో ఒక్కడును లేడు. సోమనాథుని దూషింపబూనుట మా యుద్దేశము కాదు. అతడు భక్తచరిత్రను వ్రాసెను, నవలను గాదు. భక్తచరిత్రకు ఒక్క పక్షము చాలును. కాని అదే యితివృత్తమును చేపట్టు నవలాకారునకు ఒక్క పక్షము చాలదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. ఓడిన మతమునకు ప్రేమింపదగిన పాత్రను కల్పింపవలెనన్నచో, ప్రతి నవలయందును ఒక బౌద్ధకన్యను శైవయువకునితో ప్రేమలో ముంచుమని చెప్పుటయే గదా, అది చరిత్రకు ద్రోహము గాదా యని. ఈ యాక్షేపణకు స్కాటు 1830 నాటి పీఠికయే ప్రత్యుత్తరము. ప్రణయము ఫలింపవలెనని నియమము లేదు. అంతకంటె ముఖ్యముగా, కథలో ప్రణయమే యుండవలెనని నియమము లేదు. ఉండవలసినది రచయితకు ఆ పాత్రపై అనురాగము. వధింపబడిన ఆచార్యుని వద్ద చదువుకొనిన బాలుడొకడు, ఆ సాయంకాలము విహారమున దీపము పెట్టవలసిన వృద్ధు డొకడు, కన్నులు పోయిన పండితునకు నీరందించిన యింటివారు: వీరిలో నెవరైనను చాలుదురు. ఇట్టి పాత్రలను కల్పించుట చరిత్రకు విరుద్ధము గాదు. చరిత్ర విడిచిన ఖాళీని పూరించుట. శాసనము దాత పేరు చెప్పును, రాతిని మోసినవాని పేరు చెప్పదు. ఆ రెండవ వానికై పుట్టినది నవల.

మరియొక ఆక్షేపణ ఇంకను గంభీరమైనది. పాతగాయములను కెలకుట యెందులకు, నేడు ఈ ప్రాంతమున భావనారాయణస్వామి ఆలయమును, క్రైస్తవదేవాలయములును, మసీదులును ప్రక్కప్రక్కన నుండగా పూర్వపు వధలను జ్ఞాపకము చేయుట శ్రేయస్కరమా యని కొందరు సందేహింపవచ్చును. కింగ్స్‌లీ మొదలగువారి యుదాహరణము ఇందులకే పైన నిచ్చితిమి. చారిత్రక నవల వ్రాసిన కాలమునకును చెందును గనుక, దానిని ఆయుధముగా వాడుట సులభము. అయితే ఆయుధమగునది ఒక్క పక్షమునకే హృదయమిచ్చిన నవల. ఇరుపక్షములకును హృదయమిచ్చిన నవలను ఎవరును ఎవరిపైనను విసరజాలరు. చీకటిలో నుంచిన గాయము మానదు. పక్షపాతముతో చూపిన గాయము రేగును. అనురాగముతో చూపినచో అది జ్ఞానమగును. విషబాల కథలో బాపిరాజుగారు చూపినదియు నిదియే.

కావున చారిత్రక నవలలను బోధించు అధ్యాపకులకును, పరిశోధింపబూను విద్యార్థులకును మేము చేయు విన్నపము ఇది. ఇంతవరకు మనము ఈ నవలలను రెండు ప్రశ్నలతో కొలుచుచున్నాము: చరిత్రకు ఎంత సన్నిహితముగా నున్నది, కల్పన ఎంత రసవంతముగా నున్నది. ఇవి అవసరమైన ప్రశ్నలే. వీనికి మరి మూడింటిని చేర్పవలెను. ఇందలి మతసంఘర్షణము ఇద్దరి నడుమ నున్నదా, ఒక్క హృదయమున నున్నదా? వ్రాసిన కాలపు వివాదమేది ఇందు వేషము మార్చుకొని వచ్చినది? ఓడినవారిలో మనము ప్రేమింపగలవా డెవడు? మొదటి ప్రశ్న మన సంప్రదాయమును తెలుపును. రెండవది రచయిత కాలమును తెలుపును. మూడవది రచయిత హృదయమును తెలుపును.

ఈ ప్రశ్నలతో నోరివారి నవలలను మరల చదువుట మిక్కిలి ఫలప్రదము. కవిహృదయమున మతప్రణయముల సంధిని చూపుటలో వారు సాధించినది మన నవలకు సొంతమైన సంపద. అది స్కాటు నుండి తెచ్చుకొన్నది గాదు. ఓడినవారికి హృదయమిచ్చుట స్కాటు నుండి మనము ఇంకను నేర్వవలసిన విద్య. ఈ రెండును ఒకచో కలిసిన నవలకు వలసిన సామగ్రి భట్టిప్రోలు దిబ్బలోను, చందవోలు శిథిలములలోను, సోమనాథుని ద్విపదలోను సిద్ధముగా నున్నది. దానిని చదువుట మన పని. వ్రాయుట రాబోవు కథకుల పని.